అదృశ్యమైన పరిశోధకుడు, మిగిలిన సాక్ష్యం: ‘నొరోయి’ చిత్రంలో సేకరణకూ క్రతువుకూ మధ్య

2005 ఆగస్టులో జపానులో విడుదలైన ‘నొరోయి’ చిత్రం ఒక పరిశోధకుని అదృశ్యాన్ని ముందే ప్రకటించి, ఆ తరువాత అతని పరిశోధనను ప్రేక్షకుని ముందుంచుతుంది. ‘నొరోయి’ అంటే శాపం. దర్శకుడు షిరాయిషి కోజీ. నిర్మాత ఇచిసే తకషిగే. ‘రింగు’, ‘జు-ఒన్’ చిత్రాల నిర్మాతగా అతడు అప్పటికే సుప్రసిద్ధుడు. కథలోని కొబయాషి మసాఫుమి అతీంద్రియ ఘటనలపై పుస్తకాలు రాస్తూ, వీడియో చిత్రాలు తీస్తూ జీవించే వ్యక్తి. 2004 ఏప్రిల్‌లో అతని ఇల్లు తగలబడుతుంది. భార్య కేయికో శవం దొరుకుతుంది. కొబయాషి దొరకడు. ప్రమాదానికి కొద్దికాలం ముందు అతడు పూర్తిచేసిన డాక్యుమెంటరీ పేరు ‘నొరోయి’. ప్రేక్షకుడు చూడబోయేది దానినే అని చిత్రం ఆరంభంలోనే చెబుతుంది.

ఈ చిత్రాన్ని ‘దొరికిన దృశ్యాల’ భయానక చిత్రాల కోవలో చేర్చి, అది ఎంత భయపెట్టింది అన్న కొలతతో తూచడం వాడుకైంది. ఆ కొలత ఈ చిత్రానికి చాలదు. కొబయాషి దెయ్యాన్ని వెదికిన మనిషి మాత్రమే కాడు. జానపద విజ్ఞాన పరిశోధకుడు చేసే పనులన్నీ అతడు చేస్తాడు: క్షేత్రానికి వెళతాడు, వక్తలను వెదుకుతాడు, ధ్వనిముద్రణలను నిపుణుని చేత పరీక్ష చేయిస్తాడు, పాత రీళ్లు తెప్పించుకుంటాడు, స్థానచరిత్ర తెలిసినవారిని ఆశ్రయిస్తాడు. ఇంత సక్రమంగా పనిచేసిన మనిషి ఎందుకు అదృశ్యమయ్యాడు అన్నదే చిత్రంలోని అసలు రహస్యం. దానికి జవాబు దెయ్యం శక్తిలో కంటె, ఒక ఊరి క్రతువుకూ ఆ క్రతువును గురించిన సేకరణకూ మధ్య ఉన్న ఎడంలో దొరుకుతుంది.

కథాసూత్రం, పాఠస్తరాలు

కథ చిన్న ఫిర్యాదుతో మొదలవుతుంది. పొరుగింటి నుండి పసిపిల్లల ఏడుపు వినిపిస్తున్నదని ఒక గృహిణి కొబయాషికి చెబుతుంది. ఆ పొరుగింట్లో ఉండేది ఇషీ జున్కో అనే స్త్రీ, ఒక బాలుడు. కొబయాషి తలుపు తట్టగానే జున్కో అరచి తరిమివేస్తుంది. కొన్నాళ్లకు ఆమె ఇల్లు ఖాళీచేసి వెళుతుంది. ఫిర్యాదు చేసిన తల్లీ, ఆమె కూతురూ రోడ్డు ప్రమాదంలో మరణిస్తారు. మరోవైపు టెలివిజన్‌లో అతీంద్రియశక్తుల పరీక్షకు వచ్చిన యానో కానా అనే బాలిక కొంతకాలానికి మాయమవుతుంది. ఒక దేవాలయ ప్రాంగణంలో చిత్రీకరణకు వెళ్లిన నటి మత్సుమొతో మారికా ఏదో స్వరం విని కుప్పకూలుతుంది. తరువాత తనకు తెలియకుండానే ముడులు, ఉచ్చులు అల్లుతూ ఉంటుంది. ఒంటికి రేకు చుట్టుకొని తిరిగే హోరి మిత్సువో తన మాటలు ఎవరికీ అర్థంకాకపోయినా హెచ్చరికలు చేస్తూనే ఉంటాడు. ఈ చెదురుమదురు పోగులన్నీ ‘కగుతాబా’ అనే ఒక పేరు దగ్గర కలుస్తాయి. ఆ పేరు షిమోకగే అనే పల్లెది. షికామి ఆనకట్ట కింద ఆ పల్లె మునిగిపోయింది.

పాఠపరిష్కరణ శాస్త్రంతో పరిచయమున్న వారికి ఈ చిత్రనిర్మాణం వెంటనే పట్టుబడుతుంది. ఇందులో ఒకే పాఠం లేదు. అన్నిటికంటె వెలుపల సంస్థ తరఫున మాట్లాడే వ్యాఖ్యాత ఉన్నాడు. దాని లోపల కొబయాషి కూర్చిన డాక్యుమెంటరీ. ఆ డాక్యుమెంటరీలో టెలివిజన్ కార్యక్రమాల తునకలు. వాటికీ వేరే సంపాదకులు, వేరే ప్రయోజనాలు ఉన్నాయి. ఇంకా లోపల 1978లో షిమోకగేలో చివరిసారి జరిగిన క్రతువును పట్టుకున్న రీలు. అన్నీ ముగిశాక, వ్యాఖ్యాత చేర్చే కొబయాషి చివరి టేపు. తాళపత్ర ప్రతిలో మూలం, వ్యాఖ్య, లేఖకుని గద్య, తరువాతి చేతి చేర్పులు ఒకే కట్టలో ఉన్నట్టు ఇవన్నీ ఒకే చిత్రంలో ఉన్నాయి. ప్రతి పొరకూ ఒక చేతివాటం ఉంది. డాక్యుమెంటరీ పొరలో దృశ్యం ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది, నెమ్మదిస్తుంది, అనుమానమున్న చోటు మళ్లీ చూపబడుతుంది, నేపథ్యధ్వని చేరుతుంది. అంటే భయం కలిగించేది సాక్ష్యం ఒక్కటే కాదు, సాక్ష్యాన్ని కూర్చిన సంపాదకుడు కూడా. ఈ విషయాన్ని చిత్రం దాచుకోదు. మారికా, హాస్యజంట అంగార్జు వంటివారు తమ పేర్లతోనే నటించడం వలన టెలివిజన్ పొరకు ప్రత్యేకమైన నమ్మకం కలుగుతుంది. వినోదకార్యక్రమపు చవకదనం, అతివేగం, తెచ్చిపెట్టుకున్న నవ్వు ఎంత నిజంగా ఉన్నాయంటే, వాటి నడుమ దొర్లిన ఒక చిన్న అపశ్రుతి కూడా నిజమే అనిపిస్తుంది. అయితే ఈ భాగాలు అవసరానికి మించి సాగాయన్నది ఒప్పుకోవలసిన లోపం. 115 నిమిషాల నిడివిలో మొదటి గంట పట్టు కొన్నిచోట్ల సడలింది.

దేవుడు దాచిన మనిషి

జపాను జానపద సంప్రదాయంలో మనిషి ఉన్నట్టుండి కనబడకపోవడానికి ‘కమికకుషి’ అని పేరు. ‘కమి’ అంటే దైవం, ‘కకుషి’ అంటే దాచడం. కొండలకు ఆనుకొని ఉన్న పల్లెల్లో పిల్లలో స్త్రీలో తప్పిపోతే దేవత దాచిందనుకొని, ఊరివారు గంటలు, డప్పులు మోగిస్తూ పేరుపెట్టి పిలుస్తూ వెదికేవారు. తెలుగు పల్లెల్లో గాలి సోకిందనీ దయ్యం ఎత్తుకుపోయిందనీ చెప్పుకొనే కథలకు ఇది దగ్గరగా ఉన్నా ఒక భేదం ముఖ్యమైనది. కమికకుషిలో దాచిన శక్తి చెడ్డదే కానక్కరలేదు. దాచబడిన మనిషి చనిపోయినట్టూ కాదు. ఉన్నాడనీ లేడనీ తేల్చలేని స్థితి అది.

ఈ విశ్వాసానికి సాహిత్యప్రతిష్ఠ కలిగించిన గ్రంథం 1910లో యనగితా కునియో ప్రచురించిన ‘తోనో మొనొగతారి’. అందులోని 119 కథనాలలో ఎనిమిదవది సముతో అనే చోటి యువతిని గురించినది. పియరు చెట్టు కింద తన గడ్డిచెప్పులు విడిచి ఆమె మాయమైంది. ముప్పయి ఏళ్ల తరువాత బంధువులందరూ కూడి ఉన్న రోజున, పండుముసలియై వచ్చింది. అందరినీ చూడాలనిపించి వచ్చానని చెప్పి మళ్లీ వెళ్లిపోయింది. ఆనాడు పెనుగాలి వీచింది. ఆ తరువాత గాలి గట్టిగా వీచిన రోజున సముతో అవ్వ వచ్చే రోజని తోనో ప్రజలు చెప్పుకుంటారు.

ఈ చిన్న కథనంలో బలమంతా విడిచిన చెప్పులలో ఉంది. మనిషి లేదు, మనిషి వాడిన వస్తువు ఉంది. ఆ వస్తువు ఏమీ చెప్పదు, కాని లేకపోవడాన్ని ఒకచోట నిలిపి ఉంచుతుంది. కొబయాషి విషయంలో ఆ చెప్పుల స్థానాన్ని కెమెరా ఆక్రమించింది. అతని అదృశ్యం తరువాత సంస్థకు చేరేది అతని కెమెరా, అందులోని టేపు. చెప్పులు మౌనంగా ఉంటాయి. కెమెరా అంతా చెబుతుంది, చివరి క్షణాల వరకూ చూపుతుంది. అయినా అతడు ఎక్కడ అన్న ప్రశ్నకు చెప్పులు ఎంత జవాబిస్తాయో కెమెరా కూడా అంతే. సాక్ష్యం పెరిగినకొద్దీ జవాబు దగ్గరవుతుందన్న పరిశోధనా విశ్వాసాన్ని ఈ పోలిక చాలా నెమ్మదిగా కుదిపివేస్తుంది. గ్రామం వదిలి నగరానికి వచ్చిన కమికకుషిగా ‘నొరోయి’ని చదివితే, చిత్రంలో ఏ ప్రధానపాత్ర అదృశ్యానికీ పూర్తి వివరణ లేకపోవడం లోపంగా కనబడదు.

1910లోని ఇద్దరు పరిశోధకులు

‘తోనో మొనొగతారి’ వెలువడిన సంవత్సరమే మరొక సంఘటన జరిగింది. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించే ఫుకురాయ్ తొమొకిచి, మిఫునే చిజుకో అనే యువతిపై దివ్యదృష్టి పరీక్షలు జరిపాడు. మూసిపెట్టిన పాత్రలోని రాతను ఆమె చూడగలదా అన్నది పరీక్ష. పత్రికలు మొదట ఆమెను ఆకాశానికెత్తి, పిదప మోసగత్తె అన్నాయి. 1911 జనవరిలో ఆమె విషం తాగి మరణించింది. ఫుకురాయ్ వెనక్కు తగ్గలేదు. 1913లో తన పరిశోధనను గ్రంథంగా ప్రకటించి, ఆ పర్యవసానంగా విశ్వవిద్యాలయ స్థానం పోగొట్టుకున్నాడు. సుజుకి కోజీ 1991 నవల ‘రింగు’లోనూ, 1998లో నకతా హిదెయో తీసిన చిత్రంలోనూ కనిపించే పరీక్షా సన్నివేశాల వెనుక ఉన్నది ఈ చరిత్రే. ‘నొరోయి’లోని కానా పరీక్షకు కూడా అదే మూలం. మూసిన కవరులోని బొమ్మ ఏమిటో చెప్పాలి. మూతపెట్టిన గాజుపాత్రలో నీరు పుట్టించాలి. 1974లో యూరి గెల్లర్ జపాను టెలివిజన్‌లో కనిపించినప్పటి నుండి చెంచాలు వంచే పిల్లలు అక్కడి వినోదంలో భాగమయ్యారు. విశ్వవిద్యాలయం మూసిన తలుపును టెలివిజన్ తెరిచింది. కానా ఆ తలుపు గుండా లోపలికి వచ్చిన పిల్ల.

యనగితా, ఫుకురాయ్‌లు ఇద్దరూ ఒకే కాలంలో ఒకే సమస్యను రెండు విధాలుగా ఎదుర్కొన్నారని గుర్తించాలి. ఫుకురాయ్ ‘ఇది నిజమా?’ అని అడిగాడు. యనగితా ఆ ప్రశ్నను పక్కనపెట్టి ‘ఇది చెప్పబడుతున్నదా?’ అని అడిగాడు. మొదటి ప్రశ్న ఒక యువతి ప్రాణానికీ ఒక ఆచార్యుని వృత్తికీ ముప్పు తెచ్చింది. రెండవది ఒక శాస్త్రాన్ని నిలబెట్టింది. కాని రెండవ దానికీ ఒక మూల్యం ఉంది. తోనో కథనాలన్నీ ససాకి కిజెన్ అనే యువకుడు చెప్పినవి. అతడు మాండలికంలో చెప్పాడు. ప్రభుత్వోద్యోగి అయిన యనగితా వాటిని శిష్టగ్రాంథికశైలిలో రాశాడు. తొలిముద్రణ 350 ప్రతులు. గ్రంథం యనగితా పేరుతో నిలిచింది. చెప్పినవాడి గొంతు రాసినవాడి వాక్యంలో కలిసిపోయింది. గేయాలను, కథలను పాడినవారి నుండి సేకరించి తన శైలిలో సరిదిద్ది అచ్చువేసిన తొలితరం తెలుగు సేకరణలను చదివినవారికి ఇది అపరిచితమైన సమస్య కాదు.

కొబయాషిలో ఈ ఇద్దరూ ఉన్నారు. అతడు ఫుకురాయ్ వలె ‘నిజమా?’ అని అడుగుతాడు. ఎంత భయంకరమైనా నిజమే కావాలంటాడు. పనిచేసే పద్ధతి మాత్రం యనగితాది. ఫుకురాయ్ ప్రశ్నకు యనగితా పద్ధతితో జవాబు వెదకడం అతని విషాదానికి కారణమని చెప్పవచ్చు. జానపద సేకరణ ఇచ్చేది విశ్వాసం ఎలా పనిచేస్తుందన్న జ్ఞానం మాత్రమే. ఆ జ్ఞానంతో దెయ్యాన్ని పట్టబోయినవాడికి అది ఆయుధం కాదు.

మునిగిన ఊరు, ఆగిన క్రతువు

చిత్రానికి గుండెకాయ 1978 నాటి రీలు. కగుతాబాను శాంతింపజేయడానికి షిమోకగేలో ఏటేటా జరిగే క్రతువు అది. ఆనకట్ట కింద ఊరు మునగబోతున్నందున ఆ సంవత్సరం చివరిసారి జరుగుతుంది. పూజారి కూతురైన జున్కో దెయ్యం పాత్ర ధరిస్తుంది. క్రతువు మధ్యలో ఆమె అదుపు తప్పి కేకలు వేస్తుంది. రీలు నిశ్చలంగా, దూరం నుండి, ఏ వ్యాఖ్యా లేకుండా చూపుతుంది. చిత్రంలోని మిగతా దృశ్యాలన్నిటికంటె ఇందులో భయం ఎక్కువ. కారణం దీనిని తీసినవారికి భయపెట్టాలన్న ఉద్దేశం లేకపోవడమే. అది ఒక నమోదు మాత్రమే.

ఆనకట్ట ఇక్కడ కథకు నేపథ్యం కాదు, కారణం. యుద్ధానంతర జపానులో విద్యుత్తు కోసం, వరదల నియంత్రణ కోసం లోయలలోని పల్లెలు ఎన్నో మునిగాయి. గిఫు రాష్ట్రంలోని తొకుయామా గ్రామం వాటిలో ఒకటి. 2008లో పూర్తయిన ఆనకట్ట కింద అది జలాశయమైంది. ఆ ఊరి స్త్రీ మసుయామా తజుకో, రెండవ ప్రపంచయుద్ధంలో జాడ తెలియకుండా పోయిన తన భర్త ఎప్పుడైనా తిరిగివస్తే ఊరు ఎలా ఉండేదో చూపాలని, అరవై ఏళ్ల వయసులో చిన్న కెమెరా పట్టి ఊరినంతటినీ ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. 2006లో మరణించేవరకూ ఆ పని మానలేదు. అదృశ్యమైన మనిషి కోసం అదృశ్యం కాబోయే ఊరిని పట్టుకున్న కెమెరా అది. షిమోకగే రీలుతో దీనిని పోల్చినప్పుడు భేదం స్పష్టమవుతుంది. తజుకో తీసినవి ఎవరికి చూపాలో తెలిసి తీసిన చిత్రాలు. షిమోకగే రీలుకు అటువంటి చూపరి లేడు. ఊరివారు చెదిరిపోయాక దానిని చూసినవాడు కొబయాషి. అతడు దానిని సాక్ష్యంగా చూశాడు.

కృష్ణానది జలాల కింద మునిగిన గ్రామాల చరిత్ర తెలిసిన తెలుగు పరిశోధకునికి ఇక్కడ ఒక విషయం తోచక మానదు. శ్రీశైలం జలాశయంలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించారు. సప్తనదుల సంగమేశ్వరం మాత్రం నీటిలోనే ఉండిపోయింది. నీరు తగ్గిన వేసవి నెలలలో ఆలయం బయటపడుతుంది, వేపదారు లింగానికి పూజలు జరుగుతాయి. నీరు పెరిగేకొద్దీ పూజ ముగించి ఆలయాన్ని నీటికి వదిలిపెడతారు. అంటే మునగడం అక్కడ క్రతువును చంపలేదు, దాని పంచాంగాన్ని మార్చింది. షిమోకగేకు ఆ అవకాశం లేకపోయింది. ఊరివారు చెదిరిపోయారు, నీరు తగ్గలేదు, క్రతువు ఆగింది. ఏటేటా చెల్లవలసిన బాకీ చెల్లకపోతే ఏమవుతుందన్నదే తరువాతి కథ అంతా.

పరాకాష్ఠ సన్నివేశంలో కొబయాషి మారికాతో కలిసి పడవలో జలాశయం మధ్యకు వెళతాడు. కింద ఎక్కడో మునిగిన క్రతుస్థలం ఉంది. రీలులో చూసిన చేష్టలను అతడు నీటిపైన అనుకరిస్తాడు. మారికాకు ఉపశమనం కలిగినట్టే కనిపిస్తుంది. ఈ సన్నివేశం ఒక గాఢమైన ప్రశ్నను లేవనెత్తుతుంది. క్రతువుకు కావలసింది చేష్టల క్రమమా, ఆ చేష్టలు చేయడానికి అధికారం కలిగిన మనిషా, ఆ నేలా, ఆ తిథా, చుట్టూ నిలబడ్డ ఊరా? కొబయాషికి వీటిలో మొదటిది ఒక్కటే ఉంది. అది రీలు ఇచ్చింది. మిగిలినవి రీలులో పడవు. యక్షగానం, జముకులకథ, ఒగ్గుకథ వంటి ప్రదర్శనలను గ్రంథస్థం చేసినప్పుడు కాగితం మీద మిగిలేదానికీ ప్రదర్శనలో జరిగినదానికీ ఉన్న ఎడాన్ని గురించి జానపద విజ్ఞానంలో విస్తారమైన చర్చ ఉంది. ‘నొరోయి’ ఆ చర్చను ఒక పడవలో కూర్చోబెట్టి నీటి మధ్యకు తీసుకువెళ్లింది. క్రతువు చేశామని వారు అనుకుంటున్న వేళ, హోరి అడవిలోకి పరుగెడతాడు. జున్కో శవం, కానా శవం, సజీవంగా ఉన్న బాలుడు తరువాత దొరుకుతారు. మారికా నుండి తొలగినది ఎక్కడికీ పోలేదు. అడవిలో కానా ఛాయారూపాన్ని చూపే ఒకటి రెండు దృశ్యాలలో సాంకేతిక కల్పన పచ్చిగా బయటపడి, అంతవరకు నిలిచిన నమోదు స్వభావాన్ని చెడగొట్టింది. ఈ చోటు దర్శకుడు తన పద్ధతినే నమ్మి ఉండవలసింది.

కృత్య, కగుతాబా

కగుతాబాను తెలుగులో ఏ మాటతో సూచించాలన్నది అనువాద సమస్యగా మాత్రమే తోచవచ్చు. దెయ్యం అంటే చచ్చినవారి ఆత్మ అన్న అర్థం స్థిరపడింది. రాక్షసుడు అంటే పురాణ వంశావళి వచ్చిపడుతుంది. చిత్రంలో ఆ పేరుకు కీడు కలిగించే పనిముట్టు అన్న అర్థం చెప్పబడింది. పూర్వం మంత్రవేత్తలు తమ పనులకై దానిని రప్పించారు. అది మాట వినకపోయేసరికి భూమిలో బంధించారు. ఈ లక్షణాలన్నీ గల మాట తెలుగు సాహిత్యంలో ఒకటుంది. అది ‘కృత్య’.

పోతన భాగవతం నవమస్కంధంలో అంబరీషునిపై కోపించిన దుర్వాసుడు జట పెరికి కృత్యను పుట్టిస్తాడు. సుదర్శనం కృత్యను దహించి, పంపినవాని వెంటపడుతుంది. లోకాలన్నీ తిరిగిన దుర్వాసుడు చివరకు అంబరీషుని పాదాల దగ్గరే రక్షణ పొందుతాడు. పంపినవానికే తిరిగి తగలడం కృత్య స్వభావం. కగుతాబా కథ కూడా అటువంటిదే. అయితే భాగవతంలో కృత్య పైన చక్రం ఉంది, చక్రం పైన విష్ణువు ఉన్నాడు, విష్ణువు పైన కూడా భక్తుని క్షమ ఉంది. దుర్వాసుడు పరుగెత్తడానికి లోకాలున్నాయి, ఆగడానికి ఒక చోటుంది. ‘నొరోయి’ ప్రపంచంలో ఆ మెట్లేవీ లేవు. పనిముట్టు ఉంది, దానిని పట్టిన చేయి ఎప్పుడో పోయింది. దానిని భూమిలో నిలిపి ఉంచింది దేవుడు కాదు. ఏటేటా ఒక ఊరు చేసిన పని. ఆ పని ఆగిన తరువాత ఆర్తి ఎవరితో చెప్పుకోవాలో ఎవరికీ తెలియదు. ఈ రెండు కథల మధ్య భక్తికీ అవిశ్వాసానికీ ఉన్న దూరం కంటె, పై అధికారికీ దినసరి శ్రమకూ ఉన్న దూరం ఎక్కువ.

చిత్రం చివరి భాగంలో ఒక పాత చిత్రపటం బయటపడుతుంది. కగుతాబాను రప్పించే పద్ధతి అందులో చిత్రించి ఉంది: మాధ్యమంగా ఎన్నుకున్న బాలికకు కోతిపిల్లలను తినిపించడం. జున్కో గర్భస్రావ వైద్యశాలలో పనిచేసిందన్న సమాచారం అప్పటికి మన దగ్గర ఉంది. పసిపిల్లల ఏడుపు ఏమిటో, కానా ఎందుకు మాయమైందో అప్పుడు తెలుస్తుంది. లిఖితసాక్ష్యం దొరకడానికి చాలా ముందే అది నిర్దేశించిన కార్యం జరిగిపోయింది. పరిశోధనలో ఆలస్యంగా దొరికిన ప్రతి తేదీలను, కర్తృత్వాలను సవరిస్తుంది. ఇక్కడ సవరించడానికి ఏమీ మిగలలేదు.

మాట్లాడని స్త్రీ, వినబడని మనిషి

చిత్రంపై ఉన్న అతి బలమైన అభ్యంతరం జున్కో విషయంలోనిది. కథ మొత్తం ఆమెను గురించినదే. ఆమె బాల్యం, ఆమె తండ్రి పౌరోహిత్యం, ఆమె నర్సు ఉద్యోగం, ఆమె ఇళ్లు మారడం, ఇవన్నీ ఇతరుల నోట వింటాము. ఆమె నోట వినేది తలుపు దగ్గర ఒక అరుపు, రీలులో ఒక కేక. ఊరు మునిగినప్పుడు దేవతతో పాటు నిరాశ్రయురాలైన పూజారి కూతురు ఏమనుకుంది? తండ్రి చేసిన పని ఆగిపోవడాన్ని ఆమె బాధ్యతగా భావించిందా, శాపంగా భావించిందా? ఈ ప్రశ్నలు అడగవలసినవాడు కొబయాషి. అతడు ఆమెను వక్తగా కాక వస్తువుగా వెదికాడు. తలుపు తట్టిన మొదటి నిమిషంలోనే కెమెరా ఆమె ముఖంపై ఉంది. అనుమతి అడగని క్షేత్రపర్యటన అది. ఇది పాత్ర లోపమా, దర్శకుని లోపమా అన్నది వివాదాస్పదం. నిర్వాసితురాలైన పల్లె స్త్రీని గర్భస్థశిశువులతో క్షుద్రకర్మ చేసేదానిగా చూపడంలో ఉన్న అన్యాయాన్ని దర్శకుడు గుర్తించినట్టు తోచదు. సముతో యువతికి తిరిగివచ్చి ఒక మాట చెప్పే అవకాశమైనా ఉంది. జున్కోకు అదీ లేదు.

హోరి స్థితి దీనికి తిరగబడిన రూపం. అతడు ఎడతెగక మాట్లాడతాడు. అతడు చెప్పిన ప్రతి మాటా చివరకు నిజమవుతుంది. పిచ్చివాడిగా నిర్ణయమైన మనిషి మాట సాక్ష్యంగా చెల్లదు కనుక అతడి నిజాలు కొబయాషి డాక్యుమెంటరీలో వింతలుగానే ఉండిపోతాయి. కాటికాపరి, పిచ్చివాడు, కోయదొర వంటివారు భవిష్యత్తు పలకడం కథాసాహిత్యంలో పాత ఒరవడే. అయితే షిరాయిషి ఆ ఒరవడిని ప్రవక్త గౌరవంతో తీర్చలేదు. హోరిని చూసి ఇతర పాత్రలు నవ్వుతాయి, ప్రేక్షకుడూ నవ్వుతాడు. ఆ నవ్వు తరువాత లెక్కకు వస్తుంది.

చివరి టేపు

‘రింగు’లో శాపం నుండి బయటపడే మార్గం టేపుకు నకలు తీసి మరొకరికి చూపడం. శాపం ప్రసరణ మీద బతుకుతుంది. పరిశోధకురాలైన పాత్రికేయురాలు ఆ సూత్రం గ్రహించి బతుకుతుంది. ‘నొరోయి’లో సూత్రం తెలిసినందువలన ఎవరూ బతకరు. కొబయాషి డాక్యుమెంటరీ ఒక ముగింపుతో పూర్తవుతుంది: జున్కో ఇంట్లో దొరికిన బాలుడిని అతడూ కేయికో పెంచుకుంటున్నారు. పరిశోధకుడు తన సామగ్రిని ఇంటికి తెచ్చుకున్నాడు. మానవీయమైన పని కనుక దానిని ఎవరూ తప్పు పట్టరు. కొబయాషి కూడా దానిని పరిశోధనలో భాగంగా భావించడు. అతడి జాగ్రత్త సడలిన ఒకే ఒక చోటు అదే, అది దయ పుట్టిన చోటు కావడం చిత్రంలోని అత్యంత కఠినమైన విషయం.

ఆ తరువాత సంస్థకు చేరిన టేపులో కూర్పు లేదు. నేపథ్యధ్వని లేదు, వెనక్కి తిప్పడం లేదు, వ్యాఖ్య లేదు. హోరి ఇంట్లో చొరబడి, బాలుడే కగుతాబా అంటూ వాడిని రాతితో కొడతాడు. బాలుడి ముఖం మారి కనిపిస్తుంది. కేయికో తనకు తాను నిప్పు పెట్టుకుంటుంది. హోరి బాలుడిని తీసుకొని వెళ్లిపోతాడు. మంటలు లేచాక కూడా నమోదు సాగుతుంది. అంతవరకూ ప్రతి దృశ్యానికీ ఎక్కడ ఆగాలో, ఎక్కడ మళ్లీ చూడాలో చెప్పిన కొబయాషి గొంతు ఇందులో భార్యను పిలిచే గొంతు మాత్రమే. 1978 రీలు తరువాత చిత్రంలో సంపాదకుడు లేని రెండవ పాఠం ఇది. మొదటిదానిలో ఊరు తన చివరి క్రతువును చేసుకుంది. రెండవదానిలో ఆ ఊరితో ఏ సంబంధమూ లేని ఒక ఇల్లు దానిని ముగించింది. కొబయాషి జాడ నేటికీ తెలియదని వ్యాఖ్యాత చెబుతాడు.